నడుము నొప్పి – చేతి వైద్యం

మిరపకోతల రోజుల్లో సాయంత్రమైతే మా ఇంట్లో ఒకటే పిలుపు: "ఒరే అబ్బాయ్, ఇటొచ్చి కాస్త నడుం తొక్కరా!" నాయనమ్మ చాప మీద బోర్లా పడుకునేది. నేను గోడ పట్టుకొని ఆమె నడుము మీద మెల్లగా అటూ ఇటూ నడిచేవాణ్ణి. "అమ్మయ్య, ప్రాణం లేచొచ్చిందిరా" అనేది. తెల్లవారితే మళ్ళీ చేను, సాయంత్రానికి మళ్ళీ తొక్కుడు. ఎదురుకాళ్ళతో పుట్టినవాడు తొక్కితే పట్టు ఇట్టే వదులుతుందని మన పల్లెల్లో ఒక నమ్మకం. నేను అలా పుట్టినవాణ్ణి కాదు. అయినా ఆమెకు నొప్పి తగ్గేది. ఎందుకు తగ్గేది? తగ్గిన నొప్పి మర్నాటికే ఎందుకు తిరిగి వచ్చేది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వంగిన నడుము

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప ముఖ్యమైన పైర్లు. పత్తి తీతలోనూ మిరపకోతలోనూ ఎక్కువ భాగం ఆడవాళ్ళ చేతుల మీదుగానే జరుగుతుంది. మొక్క కూర్చుని కోయడానికి ఎత్తు, నిలబడి కోయడానికి పొట్టి. అందువల్ల పొద్దస్తమానం నడుము వంచవలసిందే. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే ముఠా కూలీల బాధ మరొక రకం. చీరాల, మంగళగిరి మగ్గం గుంటల్లో కూర్చునే నేతగాళ్ళ బాధ ఇంకొక రకం. పుస్తకం మీదా, సెల్‌ఫోను మీదా మెడ వాల్చే మనమూ ఈ జాబితాలోని వాళ్ళమే.

వంగితే నొప్పి ఎందుకు వస్తుంది? భౌతికశాస్త్రంలో చదువుకున్న తులాదండం గుర్తు తెచ్చుకోండి. ముందుకు వంగినప్పుడు తల, చేతులు, మొండెము బరువు వెన్నెముకకు చాలా ముందుకు పోతుంది. దాన్ని ఆపవలసిన కండరాలు మాత్రం వెన్నెముకకు కొద్ది అంగుళాల వెనకనే ఉన్నాయి. అందుచేత అవి అసలు బరువుకు ఎన్నో రెట్లు బలంతో లాగాలి. ఆ లాగుడంతా వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలాంటి డిస్కుల మీద పడుతుంది. స్వీడన్ దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960లలో డిస్కులోకి సూది పంపి ఒత్తిడిని కొలిచాడు. పడుకున్నప్పుడు ఒత్తిడి తక్కువ, నిలబడితే ఎక్కువ, వంగితే ఇంకా ఎక్కువ అని తేలింది.

చేయి ఏమి చేస్తుంది?

"పూస పక్కకు జరిగింది, నేను నొక్కి సరిచేశాను" అని మర్దన చేసేవాళ్ళు చెప్పడం మామూలే. కాని వెన్నుపూసలు అంత సులువుగా జరిగేవి కావు, జరిగితే చేత్తో నొక్కి సర్దగలిగేవీ కావు. చేయి మాట్లాడేది ముఖ్యంగా నరాలతో. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. స్పర్శను మోసే నరాలు పనిచేస్తున్నప్పుడు నొప్పి వార్తకు వెన్నుపాములోనే అడ్డు పడుతుందని దాని సారాంశం. దెబ్బ తగిలిన చోట మనం వెంటనే చేత్తో రుద్దుకోవడం ఇందుకే. భయంతో బిగుసుకున్న కండ కూడా తాకిడికి సడలుతుంది. నాయనమ్మకు ప్రాణం లేచొచ్చిన రహస్యం ఇదే.

అమెరికాలో జీవరసాయన శాస్త్రం చదివిన ఐడా రాల్ఫ్ (1896–1979) మరో దారి పట్టింది. కండరాలను చుట్టి ఉండే పొరలు బిగుసుకొని శరీరాన్ని వంకర చేస్తాయని, వాటిని చేత్తో గట్టిగా సాగదీసి శరీరాన్ని నిటారుగా నిలపవచ్చని ఆమె వాదన. పది విడతల చికిత్సను ఏర్పరచింది. అయితే ఆ పొరలు గట్టి పీచుతో అల్లినవి. చేతి ఒత్తిడికి శాశ్వతంగా రూపు మారతాయనడానికి తగిన ఆధారం లేదు. కలిగే మేలు ఎక్కువగా నరాల ద్వారానే కలుగుతున్నదని నేటి అవగాహన.

వీటికంటె నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఆస్ట్రేలియాలో పుట్టిన ఎఫ్. ఎం. అలెగ్జాండర్ (1869–1955) కథ. ఆయన వేదికల మీద పద్యాలు చదివే కళాకారుడు. గొంతు తరచు బొంగురుపోయేది. అద్దాల ముందు నిలబడి తనను తాను గమనించుకుంటే, నోరు తెరవబోయే ముందు తలను వెనక్కు లాగుతున్నట్లు కనిపెట్టాడు. ఆ అలవాటు మానుకొన్నాక గొంతు బాగుపడింది. తరువాత ఇతరులకు నేర్పసాగాడు. ఆయన పద్ధతిలో గురువు చేయి కండను పిసకదు. మెడ మీదా, వీపు మీదా తేలికగా ఆని, "ఇక్కడ అనవసరంగా బిగిస్తున్నావు" అని శిష్యుడికి తెలియజేస్తుంది.

ఇంగ్లండులో దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 579 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2008లో వెలువడ్డాయి. మామూలు వైద్యం పొందినవాళ్ళకు ఏడాది తరువాత నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పి ఉండగా, అలెగ్జాండర్ పద్ధతిలో 24 పాఠాలు నేర్చుకున్నవాళ్ళకు 3 రోజులే ఉంది. పనులు చేసుకొనే శక్తి విషయంలో మర్దన ఇచ్చిన మేలు మూడు నెలలకు కనిపించినా ఏడాది దాకా నిలవలేదు. నా రెండో ప్రశ్నకు ఇదే జవాబు. నొప్పి తీసే చేయి ఆ పూటకు పనికివస్తుంది. నేర్పే చేయి చాలాకాలం పనికివస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

వయసు మళ్ళిన ఆడవాళ్ళకు ఎముకలు గుల్లబారి ఉండవచ్చు. వాళ్ళ నడుము తొక్కితే వెన్నుపూస చితికిపోయే ప్రమాదం ఉంది. తెలియక నేను చేసింది అదే! నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళలో బలం పోవడం, మూత్రం పట్టు తప్పడం, కింద పడిన దెబ్బ – వీటిలో ఏది ఉన్నా మర్దన జోలికి పోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. వెన్నుకు క్షయ సోకినా మొదట నడుము నొప్పిలాగే ఉంటుంది. ఒక్క పిక్కే వాచి నొప్పి పెడుతుంటే రుద్దకూడదు, లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. రోజూ నొప్పి బిళ్ళలు మింగడం కడుపుకూ, మూత్రపిండాలకూ చేటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో విడుదల చేసిన సూచనల్లో వ్యాయామానికి, నొప్పి గురించి రోగికి బోధించడానికి, మర్దన వంటి చికిత్సలకు చోటిచ్చింది. నడుము బెల్టులను మామూలు వైద్యంగా వాడవద్దన్నది.

ఇప్పుడు నడుము పట్టుకుంటున్నది మా అమ్మ. నేను తొక్కడం మానేశాను. కాస్త నూనె రాసి మెల్లగా చేత్తో నిమురుతాను. సాలు చివరకు వచ్చినప్పుడల్లా లేచి నిలబడి వీపు వెనక్కు విరుచుకోమన్నాను. వంగేటప్పుడు మోకాళ్ళను, తుంటిని కూడా వంచమన్నాను. బస్తా ఒంటరిగా ఎత్తవద్దన్నాను. "చదువుకున్నావుగా, చెప్తావులే" అని నవ్వింది గాని, ఇప్పుడు చేనులో పక్క సాలు వాళ్ళకూ చెబుతున్నది.

విద్యార్థి మిత్రులారా! మనలో చాలామంది పరీక్ష ఫీజులు ఆ వంగిన నడుముల మీదుగానే వచ్చాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మ నడుము మీద ఒక చేయి వేయండి. ఆ చేతితోనే ఆమెకు తెలియని నాలుగు మంచి మాటలు నేర్పండి.