చెరువు బాగునకు మొదటి పని



చెరువు ఎండినయెడల మనము మొదట పలుకు మాట "పూడిక తీయవలయును" అనునదియే. ఆ మాట తప్పు కాదు. కాని అది మొదటి పని కాదు. ఈ సంగతిని మేము పుస్తకములవలన గాక మా పొరపాటువలన నేర్చుకొంటిమి. మీకట్టి నష్టము కలుగకుండుటకై ఈ పాఠమును వ్రాయుచున్నాము.

కొన్ని ఏండ్లక్రిందట రాయలసీమలోని యొక గ్రామమున సంఘసభ్యులు కూలి లేకుండ చెరువును బాగుచేసికొన నిశ్చయించి మమ్ము సలహా యడిగిరి. మేము చెరువు కడుపును మాత్రమే చూచి పూడిక తీయుడని చెప్పితిమి. వేసవి యంతయు ఇంటికొకరు చొప్పున పార పట్టిరి. ట్రాక్టరులు గలవారు ట్రాక్టరుల నిచ్చిరి. వానలు కురిసెను. ప్రక్క గ్రామముల చెరువులు అలుగు పారెను. ఈ చెరువులో మాత్రము మోకాటిలోతు నీరైనను చేరలేదు. అప్పుడు వంకవఱకు నడచి చూడగా, నీరు తెచ్చు సప్లై కాలువ మూడుచోట్ల పూడియుండెను. ఒకచోట దున్నబడి వేరుసెనగ పైరు క్రింద నుండెను. అంతమంది చెమట వృథా యగుటకు మా తొందరపాటే కారణమని సభలో ఒప్పుకొంటిమి.

కాలువను దున్నుకొన్న రైతు ధనికుడు కాడు. అతనికి ఆ మెట్టచేను తప్ప వేఱొకటి లేదు. కొందరు కేసు పెట్టుద మనిరి. అప్పుడొక ముసలిరైతు లేచి, "కేసు తేలులోపల మన బావులు ఎండును. సర్వేయరును పిలిపించి హద్దు చూపింతము. పైరు ఇంటికి చేరువఱకు ఆగుదము. మొదటి ఒండ్రుమట్టి అతని చేనికే తోలుదము" అనెను. అట్లే జరిగెను. మఱుసటి యేట చెరువునకు నీరు వచ్చెను. ఆ రైతే నేడు కాలువకు కాపరి.

మన పెద్దలకు ఇది క్రొత్త సంగతి కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు కడనున్న 1369 నాటి శాసనము చెరువునకు గల ఆరు దోషములను చెప్పుచున్నది: కట్టనుండి నీరు కారుట, నేల చవుడగుట, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, నడుమ మిట్ట యుండుట, పెద్ద చెరువునకు కొద్దిగా నీరు వచ్చుట, కొద్ది చోటునకు నీరు మిక్కిలి యగుట. మేము చూడక విడిచినది వీనిలో ఐదవది. ఆ చెరువును కట్టుటకు దినమునకు వేయిమంది కూలీలును నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లును అందే కలదు.

ఇట్టి పని యితర సీమలలోను జరిగినది. రాజస్థానములోని ఆల్వారు జిల్లాలో 1985 మొదలు రాజేంద్రసింగ్ గారును, తరుణ భారత సంఘమువారును గ్రామస్థుల శ్రమదానముతో జోహడ్ లను మట్టికట్టలు వందలకొలదిగా కట్టిరి. బావులలో నీరు పెరిగి, ఎండియుండిన అర్వరీ నది మరల పారినది. తెలంగాణములో 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో ప్రభుత్వము పూడిక త్రవ్వించగా రైతులు తమ ఖర్చుతో ఒండ్రును చేలకు తోలుకొనిరి.

పని యీ క్రమమున సాగవలయును.

1. నీటిపారుదల శాఖవారి యనుమతి పొంది, చెరువు హద్దులను, కాలువ హద్దులను సర్వే చేయింపుడు.

2. వంకనుండి చెరువువఱకు సప్లై కాలువను శుభ్రపఱచుడు. ఇదియే మొదటి శ్రమదానము.

3. అలుగును, తూమును, కట్టను సరిచూడుడు. కట్టపై పెద్ద చెట్లను పెరుగనీయరాదు. వాని వేళ్ళు చచ్చి క్రుళ్ళిన చోట నీరు కారును.

4. పిమ్మట పూడిక తీయుడు. కట్ట మొదట త్రవ్వరాదు. అడుగున నున్న బంకమట్టి పొరను తెగగొట్టరాదు; తెగినచో నీరు నిలువదు. తూముకంటె లోతుగా త్రవ్విన గుంటలోని నీరు పైరునకు పాఱదు. పశువులకును చేపలకును మాత్రమే పనికివచ్చును.

5. ఒండ్రును చేలకు తోలుటకు ముందు మట్టిపరీక్ష చేయింపుడు. చవుడు గల మట్టి చేనిని పాడుచేయును. మంచి ఒండ్రు ఎఱ్ఱచెలక నేలలలో తడిని నిలుపును.

6. ఇంటివారీగా పనిదినములను, ట్రాక్టరు ఖర్చును సంఘపు పుస్తకమున వ్రాసి ప్రతి సభలో చదువుడు. లెక్క దాగినచోట శ్రమదానము నిలువదు.

ఇంకొక మాట. శుభ్రము పేర చెరువులోని నల్లతుమ్మలను, తుంగను సమూలముగా పెఱికివేయరాదు. గుఱ్ఱపుడెక్కను, సర్కారుతుమ్మను తీయవచ్చును. కాని పక్షులు గూళ్ళు కట్టియున్న నెలలలో ఏ చెట్టును నఱకరాదు. నత్తగుల్లకొంగ మడులలోని నత్తలను తినును. పక్షుల రెట్ట కలిసిన నీరు పైరునకు ఎరువగును. తమిళనాటి వేడంతాంగల్ రైతులు ఈ లాభము నెఱిగి, తమ చెరువు పక్షులను వేటాడకుండ 1798లోనే దొరలవలన హక్కుపత్రము పొందిరి. మన వీరాపురమున చింతచెట్లపై గూళ్ళు కట్టు ఎఱ్ఱకాళ్ళకొంగలను గ్రామస్థులు తమ యింటి పిల్లలవలె కాపాడుచున్నారు. నీరున్న చెరువునకే పక్షి వచ్చును; పక్షి రాని యేడు చెరువును పరీక్షింపవలయును.

రాబోవు సభకు ముందొక ఉదయమున మీలో పదిమంది కలిసి సప్లై కాలువ మొదటినుండి చెరువువఱకు నడువుడు. ఎక్కడ పూడినదో, ఎవరి చేనిలో కలిసినదో వ్రాసికొనుడు. ఆ రైతును సభకు ముందుగా అతని యింటికే పోయి పలుకరింపుడు. పార పట్టుట ఆ పిమ్మటి పని.