ఇంట్లో పొగ – పసిబిడ్డ ఊపిరి



నర్సింగ్ విద్యార్థులకు నేను చెప్పే పాఠాల్లో ఒకటి మీకోసం ఇక్కడ రాస్తున్నాను. కోయంబత్తూరు, మధురై ప్రాంతాల మన పాత తెలుగు ఇళ్ళలో మూడు తరాలు ఒకే కప్పు కింద ఉండటం ఇప్పటికీ ఉంది. తాతగారు చుట్ట కాల్చినా, నాయన సిగరెట్టు కాల్చినా ఆ గాలినే ఉయ్యాలలోని బిడ్డ కూడా పీలుస్తుంది.

పసిబిడ్డ శ్వాసనాళం వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. లోపల చుట్టూ 1 మిల్లీమీటరు వాస్తే మిగిలేది 2 మిల్లీమీటర్లే. దారి నాలుగో వంతుకు తగ్గి, గాలికి అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. పెద్దవాళ్ళకు అంతే వాపు వచ్చినా ఇంత ఇబ్బంది ఉండదు. పైగా పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తే, పుట్టిన బిడ్డ 30 నుంచి 60 సార్లు తీస్తుంది. అందువల్ల బరువును బట్టి చూస్తే బిడ్డ లోపలికి పోయే పొగే ఎక్కువ.

లండన్ శివారు హారోలో రెండు వేలకు పైగా శిశువులను పరిశీలించి, 1974లో ఫలితాలు ప్రచురించారు. తల్లిదండ్రులిద్దరూ పొగ తాగే ఇళ్ళలో, మొదటి ఏడాదిలో న్యుమోనియా, బ్రాంకైటిస్ రెట్టింపుకు పైగా కనిపించాయి. ఒక్కరే తాగే ఇళ్ళలో కూడా, ఎవరూ తాగని ఇళ్ళకంటే ఎక్కువే.

2008 అక్టోబరు 2 నుంచి మన దేశంలో బహిరంగ స్థలాల్లో పొగ తాగడం నిషేధం. ఆ చట్టం ఇంటి గడప లోపలికి రాదు. ఇంటి కట్టుబాటు మనమే పెట్టుకోవాలి. కిటికీ తెరిచినా, ఫ్యాను వేసినా పొగ పూర్తిగా పోదు. బట్టలకు, పరుపులకు అంటుకుంటుంది.

ఈ సంగతి మీరు బడిలో తమిళంలోనో ఇంగ్లీషులోనో చదివి ఉంటారు. ఇంట్లో మన మాటల్లో చెప్పవలసింది మీరే. పెద్దలను నొప్పించకుండా ఇలా చెప్పండి: "తాతా, కాల్చాలనిపిస్తే బయటికి వెళ్ళి కాల్చండి. చేతులు కడుక్కొని, చొక్కా మార్చుకొని పాపను ఎత్తుకోండి." మానాలనుకునేవారికి 1800-11-2356 నంబరులో ఉచితంగా సలహా ఇస్తారు.

గుర్తుంచుకోండి: బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. 2 నెలల లోపు బిడ్డకు 60 లేక అంతకు మించినా, 2 నుంచి 12 నెలల బిడ్డకు 50 లేక అంతకు మించినా, డొక్కలు లోపలికి లాగుతున్నా, పాలు తాగలేకపోతున్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఉపకారవేతనంతో నేర్చుకున్న చదువు మొదట మన ఇంటి బిడ్డకు ఉపయోగపడాలని నా కోరిక.