బిడ్డను ఎవరికి అప్పజెప్పి పోవాలి?

ప్రశ్నలు - జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బడి ఈడు రాని పిల్లల గురించే. అడిగిన తీరు వేరైనా అందరి బాధా ఒకటే: పసిబిడ్డ పని ఒక్క తల్లి మీద పడితే మోయలేం, పంచుకునేదెవరు? చోటు చాలక కొన్నింటికే జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా గ్రామ సమాఖ్యలో ఎక్కువమందిమి పత్తి ఏరడానికి, మిరప కోతకు పోయేవాళ్లమే. మూడేళ్లు నిండిన పిల్లలను అంగన్‌వాడీలో వదిలిపోతాం. అంతకంటే చిన్నవాళ్లను చేనుకు తీసుకుపోవాలి, లేకపోతే కళ్లు కనపడని ముసలివాళ్ల దగ్గర వదలాలి. మేమే ఊళ్లో ఒక పిల్లల కేంద్రం పెట్టుకుందామని మీటింగులో అనుకున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? ఖర్చు ఎట్లా?
– సమాఖ్య అధ్యక్షురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: అమ్మా, లోటు ఎక్కడుందో మీరే చెప్పేశారు. ఆరు నెలలు నిండి మూడేళ్లు నిండని పిల్లలు మన ఏర్పాట్లన్నింటి మధ్యలోంచి జారిపోతున్నారు. 1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే పథకం, వీళ్ల పేర్లు రాసుకుంటుంది, తూకం వేస్తుంది, బాలామృతం ప్యాకెట్ చేతికిస్తుంది. ఆ పిండి కలిపి బిడ్డ నోట్లో పెట్టాల్సిన మనిషి పొద్దున ఎనిమిదికే చేనుకు పోయిందన్న సంగతి మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు.

తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తల్లిపాలు కాక రోజుకు మూడు నాలుగు సార్లు మెత్తటి తిండి పడాలి. కడుపు చిన్నది, మధ్యాహ్నం ఒక్కసారే ఎక్కువ పెడితే పట్టదు. గట్టు మీద చీర ఉయ్యాలలో పడుకున్న పిల్లకు అన్నిసార్లు ఎవరు పెడతారు? పక్కనే పురుగుమందు డబ్బాలు, నెత్తిన ఎండ. అందుకే మీ ఆలోచనను ఆడవాళ్ల సౌకర్యం అని ఎవరైనా తేలిక చేస్తే ఒప్పుకోకండి. అది బిడ్డ తిండి సంగతి.

గది వెతకడం తర్వాత, ముందు లెక్క తీయండి. ఊళ్లో ఈ వయసు పిల్లలెందరు, వాళ్ల తల్లులు ఏ నెలల్లో పనికి పోతారు, ఎన్నింటికి పోయి ఎన్నింటికి వస్తారు? అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, మీరు కలిసి కూర్చుంటే ఒక్క పూటలో తేలిపోతుంది. ఆ లెక్కను బట్టి వేళలు పెట్టండి. ఎనిమిదికి పోయి ఆరింటికి వచ్చే తల్లికి, తొమ్మిదిన్నరకు తెరిచి నాలుగింటికి మూసే కేంద్రం దేనికి పనికొస్తుంది?

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారిలో 'జన్ స్వాస్థ్య సహయోగ్' అనే డాక్టర్ల సంస్థ ఉంది. అడవి పల్లెల్లో మూడేళ్లలోపు పిల్లల కోసం వాళ్లు 'ఫుల్వారీ'లు నడిపారు. ఊరి మనిషినే ఎంచుకున్నారు, ఊళ్లోనే వండి పెట్టారు. తర్వాత సర్గుజా జిల్లాలో అక్కడి ప్రభుత్వమూ ఆ దారి పట్టింది, అక్కడ తల్లులే వంతులవారీగా పిల్లలను చూసుకున్నారు. మన దగ్గరా ఇది కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇందిరా క్రాంతి పథం రోజుల్లో గ్రామ సమాఖ్యలే గర్భిణులకు, బాలింతలకు, పసివాళ్లకు వండిపెట్టే కేంద్రాలు నడిపాయి. మీలో పాతవాళ్లెవరికైనా ఆ అనుభవం ఉంటే ముందు వాళ్లను కూర్చోబెట్టి అడగండి. నా జవాబు కంటే అది ఎక్కువ ఉపయోగం.

పదిమందికి ఒక మనిషి చాలని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఏడాదిలోపు వాళ్లు ముగ్గురున్నా చాలు, ఒకరికి తినిపిస్తుంటే ఒకరు తడుపుకుంటారు, ఇంకొకరు గడప దాటుతారు. ఇద్దరు ఉండాల్సిందే. గడపకు అడ్డంగా చిన్న తలుపు, గచ్చు నేల, చేతులు కడుక్కునే చోట సబ్బు ఉండాలి. మూత లేని నీళ్ల డ్రమ్ము ఆ చుట్టుపక్కల ఉండకూడదు, జానెడు నీళ్లు కూడా పాకే బిడ్డ ప్రాణం తీస్తాయి. ఆట సామాన్లు కొనక్కర్లేదు. గిన్నెలు, చెక్క గరిటెలు, గుడ్డ బొమ్మలు, ఒకదానిలో ఒకటి పట్టే డబ్బాలు చాలు. చింతపిక్కలు, గవ్వలు, గోళీలు మాత్రం వాళ్ల చేతికి అందకూడదు, గొంతులో పడతాయి.

ఇక డబ్బు. తల్లి దగ్గర రోజుకు 20 రూపాయలు తీసుకుంటే పన్నెండుమంది పిల్లలకు 240 రూపాయలు వస్తాయి. ఇద్దరి కూలి, కూరగాయలు, గుడ్లు దాంతో వెళ్లవు. తల్లుల డబ్బుతోనే నడపాలని చూస్తే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల పిల్లలే ముందు మానేస్తారు. కాబట్టి నలుగురి దగ్గరా అడగండి. సమాఖ్య వడ్డీ ఆదాయంలో కొంత, పంచాయతీ నుంచి గది, కరెంటు. పత్తి తీయించుకునే పెద్ద రైతులనూ వదలకండి, కూలి మనుషులు నిశ్చింతగా పనికొస్తే లాభపడేది వాళ్లే. 'మిషన్ శక్తి' కింద కేంద్ర ప్రభుత్వానికి 'పాల్నా' అనే పథకం ఉంది, అంగన్‌వాడీకి అనుబంధంగా ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు క్రెష్ (పిల్లల సంరక్షణ కేంద్రం) నడపడానికి. మీ శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి (సీడీపీఓ) గ్రామసభ తీర్మానంతో పాటు మీరు తీసిన లెక్క జతచేసి అర్జీ ఇవ్వండి. నోటిమాటగా అడిగితే నోటిమాటతోనే పంపేస్తారు. పక్కనున్న కర్ణాటక 2023-24 బడ్జెట్‌లో ఉపాధి హామీ కూలీల పిల్లల కోసం 4,000 గ్రామ పంచాయతీల్లో 'కూసిన మనె' అనే శిశు కేంద్రాలు తెరుస్తామని ప్రకటించింది. ఆ మాట కూడా అర్జీలో రాయండి.

ఒక్క విషయంలో రాజీ పడకండి. పిల్లలను చూసే ఆమెకు కూలి ఇవ్వాలి. 'ఇంట్లో ఉండేదేగా, చూసిపెడుతుందిలే' అన్న మాట సంఘంలో వినిపించిందంటే ఆ కేంద్రం పత్తి సీజను దాటదు. పత్తి ఏరితే వచ్చేదానికంటే తక్కువ ఇస్తే ఆమె కూడా చేనుకే పోతుంది. పోవడంలో తప్పూ లేదు.

ప్రశ్న: నేను పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో వందలమంది ఆడవాళ్లం ఉన్నాం. బిడ్డల గది అడిగితే అది కంపెనీ ఇష్టం అంటున్నారు. నిజమేనా?
– ఒక సోదరి, అనకాపల్లి జిల్లా

జవాబు: కాదమ్మా. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ ప్రకారం 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ సదుపాయం ఉండి తీరాలి. ఆ 50 మందీ ఆడవాళ్లే కానక్కర్లేదు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు, విశ్రాంతి సమయం కూడా అందులో కలిసే ఉంటుంది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇదే ఉంచారు. ఒంటరిగా అడగకండి. పదిమంది సంతకాలతో యాజమాన్యానికి ఉత్తరం ఇచ్చి, నకలు కార్మిక శాఖకు పంపండి.

ప్రశ్న: మాది తెనాలి. మనవడిని చూసుకోవడానికి హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. వాడికి రెండేళ్ల రెండు నెలలు. ఇంకా ఒక్క మాటా రాలేదు. పిలిస్తే తిరగడు. ఫోన్‌లో పాటలు పెడితేనే నాలుగు ముద్దలు తింటాడు. డాక్టరుకు చూపిద్దామంటే 'వాళ్ల నాన్నా ఆలస్యంగానే మాట్లాడాడు, కంగారెందుకు' అంటున్నారు వియ్యపురాలుగారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనూ వాడూ నాలుగు గోడలూ. నాకూ పిచ్చెక్కుతోంది.
– ఒక అమ్మమ్మ, మియాపూర్

జవాబు: అమ్మా, వియ్యపురాలుగారి మాట పక్కన పెట్టి ఈ వారమే చూపించండి. ఏడాది నిండే సరికి పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరిగి చూడాలి. ఏడాదిన్నర లోపు ఒకటి రెండు మాటలైనా రావాలి. రెండేళ్లకు 'తాత రా', 'పాలు కావాలి' అన్నట్టు రెండేసి మాటలు కలపాలి. వీటిలో ఏదీ లేదంటే ఆగి చూసే వయసు దాటిందనే అర్థం. ఆలస్యంగా మాట్లాడి బాగానే ఉన్నవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, వాళ్ల కథే అందరూ చెబుతారు. చూపించకుండా వదిలేస్తే వెనకబడిపోయిన పిల్లల కథ పేరంటాల్లో ఎవరూ చెప్పరు.

మొదట వినికిడి పరీక్ష చేయించాలి. చెవి వినిపిస్తోందో లేదో తేలకుండా మిగతావేవీ తేలవు. తర్వాత పిల్లల డాక్టరు ఎదుగుదల పరీక్ష చేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయపడే ప్రత్యేక కేంద్రాలు పెట్టారు, వాటిని డీఈఐసీ అంటారు. మీకు దగ్గర్లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ, అలీ యావర్ జంగ్ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. వాడికున్నది ఫలానా అని పేరు పెట్టేదాకా ఆగనవసరం లేదు. మాటల సాధన ముందే మొదలుపెడితే నష్టమేమీ లేదు.

ఫోన్ వల్లే ఇలా అయిందని మీ అమ్మాయిని గానీ మిమ్మల్ని గానీ ఎవరూ నిందించకూడదు, అంత తేలిగ్గా తేల్చే విషయం కాదది. అయితే ఫోన్ తీసేయాల్సిందే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మాట రాని పిల్లవాడికైతే ఆ గంట కూడా మనుషులతోనే గడవాలంటాను. మొదటి నాలుగు రోజులు ముద్ద దిగదు, ఏడుస్తాడు. ఓర్చుకోండి.

ఇక మీ సంగతి. మీ అపార్ట్‌మెంట్లో మీలాగే ఊళ్ల నుంచి వచ్చి పిల్లలను చూస్తున్న అమ్మమ్మలు, నానమ్మలు, తాతలు తప్పకుండా ఉంటారు. ఎవరి తలుపు వెనక వాళ్లు. అసోసియేషన్ వాళ్లను జిమ్ పక్కన ఒక గది, ఒక తివాచీ అడగండి. రోజూ ఒకే వేళకు పిల్లలతో వచ్చి కూర్చోండి. వేళ్లాటలు, దాగుడుమూతలు, ఉగ్గుగిన్నె నాటి కబుర్లు మీ అందరికీ వచ్చినవే, వాటికి శిక్షణ అక్కర్లేదు. ఒక రోజు ఒకరు చూస్తే ఇంకొకరు కాస్త నడుం వాల్చవచ్చు. ఇంకో మాట: మీ ఇంట్లో అంట్లు తోమే ఆమె బిడ్డ ఆ వేళకు ఎక్కడుంటుందో కనుక్కోండి. ఆ తివాచీ మీద ఆ పిల్లకూ చోటుండాలి.

ప్రశ్న: ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాను. మా ఊరి అంగన్‌వాడీకి 50,000 రూపాయలు ఇద్దామనుకుంటున్నాను. పెద్ద టీవీ, ఇంగ్లీషు అక్షరాల చార్టులు, పలకలు కొనిస్తే ప్రైవేటు నర్సరీలకు దీటుగా ఉంటుందని నా ఆలోచన.
– పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మాస్టారూ, నమస్కారం. టీవీ వద్దు. పలకలూ ఇప్పుడే వద్దు.

మూడేళ్ల చేతికి బలపం పట్టించి 'ఏ, బీ, సీ, డీ' దిద్దించడం నర్సరీలు తల్లిదండ్రులకు చూపించే ముచ్చట, పిల్లకు దక్కేది వేలి నొప్పి. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపడం, నీళ్లు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోయడం, వీటితో ఆ వేళ్లు రాతకు సిద్ధమవుతాయి. భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టినప్పటి నుంచి మన దేశంలో ఈ మాట చెబుతూనే ఉన్నారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీకి వెళ్లి, అనుతాయి వాఘ్‌తో కలిసి గిరిజన పిల్లల కోసం బాలవాడి నడిపారు. పిల్లలు రాకపోతే బాలవాడినే వాళ్ల వాకిళ్లకు తీసుకెళ్లారు. ఆకులు, గింజలు, గవ్వలే అక్కడి బోధన సామగ్రి. 2024లో కేంద్రం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు తెచ్చిన 'ఆధారశిల' పాఠ్య ప్రణాళిక కూడా ఆటనే ముందు పెట్టింది.

డబ్బు ఖర్చు పెట్టే ముందు కేంద్రం చుట్టూ తిరిగి చూడండి. కుళాయి పిల్లలకు అందే ఎత్తులో ఉందా? మరుగుదొడ్డికి తాళం వేసి ఉందా? రోడ్డు వైపు గేటు ఉందా? ఫ్యాను తిరుగుతోందా? ఇవి బాగుచేయించాక డబ్బు మిగిలితే చెక్క దిమ్మెలు, బొమ్మల కథల పుస్తకాలు కొనండి. అయితే ఏది కావాలో టీచరునూ ఆయానూ అడిగాకే. దాత కొన్న వస్తువు బీరువాలో, ఆయా అడిగిన బకెట్ ఇంకా అంగట్లో ఉండడం మనం చాలా చూశాం.

డబ్బు కాక మీరివ్వగలిగింది ఇంకొకటుంది. వారానికి ఒక రోజు వెళ్లి అరగంట కథ చెప్పండి. అంగన్‌వాడీ టీచరు రిజిస్టర్లు, యాప్‌లో ఫొటోలు, గుడ్ల లెక్క, సర్వేల మధ్య ఆ అరగంట పిల్లలకు ఇవ్వలేకపోతోంది. తప్పు ఆమెది కాదు.

ప్రశ్న: మేం ఎనిమిదిమంది సంతానం. ఏ కేంద్రాలు, ఏ కమిటీలు ఉన్నాయప్పుడు? ఊరే పెంచింది. ఇప్పుడు ప్రతిదానికీ ఒక పథకం కావాలి!
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అయ్యా, ఊరు అంటే ఎవరు? మీ తమ్ముడిని చంకనెత్తుకున్నది మీ అక్కే కదా. అలా ఎత్తుకున్నందుకు ఎంతమంది అక్కలు బడి మానేశారో మీ ఈడు వాళ్లను అడిగితే చెబుతారు. ఆ ఎనిమిదిమందిలో అందరూ దక్కని ఇళ్లు కూడా ఆ రోజుల్లో చాలానే ఉండేవి. ఆ ఏర్పాటుకు ఖర్చు లేదనుకుంటున్నాం గానీ, ఆ ఖర్చు ఆడపిల్లలు కట్టారు.

బిడ్డను పెంచే ఈ పని విలువ లెక్కకు దొరుకుతుందా అంటే దొరికింది. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986-87లో, తిండి చాలక ఎత్తు పెరగని 129 మంది పసిపిల్లలను ఒక అధ్యయనానికి తీసుకున్నారు. వాళ్లలో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికో గంట చొప్పున రెండేళ్లు వెళ్లారు. వాళ్లేమీ పెద్ద చదువులు చదివినవాళ్లు కారు. ఇంట్లో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లికి చూపించారు, అంతే. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, అలా ఎవరూ వెళ్లని పిల్లల కంటే 25 శాతం ఎక్కువగా ఉంది. అదే అధ్యయనంలో పాలపొడి ఒక్కటే అందిన పిల్లల్లో అంతకాలం నిలిచిన తేడా కనిపించలేదు. ఇది 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చింది.

మీరన్నట్టు ఊరే పెంచాలి, కాదనను. ఈసారి కూలి ఇచ్చి పెంచాలంటున్నాను.

పాఠకులకు: మీ ఊళ్లో సమాఖ్య గానీ, పంచాయతీ గానీ, కాలనీ సంఘం గానీ మూడేళ్లలోపు పిల్లల కేంద్రం నడుపుతుంటే వేళలు, పిల్లల సంఖ్య, చూసుకునేవారికి ఇస్తున్న జీతం, నెల ఖర్చు రాసి పంపండి. మధ్యలో మూతపడి ఉంటే ఎందుకు మూతపడిందో కూడా రాయండి. నాగర్‌కర్నూల్ సమాఖ్యకు అవన్నీ అందేలా చూస్తాం.