యుగసంఖ్య - అపవర్తన విచారము

ఆర్యభటీయము, ప్రచలిత సూర్యసిద్ధాంతము రెండును మహాయుగమునకు 43,20,000 సౌరవర్షములను చెప్పుచున్నవి. ఎనిమిది రెండులు, మూడు మూడులు, నాలుగు అయిదులు పరస్పరము గుణింపగా ఈ సంఖ్య ఏర్పడును. దీనిని నిశ్శేషముగ భాగించు సంఖ్యలు 180 గలవు. అయినను వర్షమానమును నిర్ణయించుటకు యుగసంఖ్య యొక్కటియే చాలదు. దానితో కూడిన సావన దినసంఖ్యయు కావలయును.

ఆర్యభటుని మతమున యుగదినములు 1,57,79,17,500. ఈ రెండు సంఖ్యలకును గరిష్ఠ సామాన్య భాజకము 7,500. దానితో అపవర్తింపగా 576 వర్షములకు 2,10,389 దినములు లభించును. క్రీ.శ. 629 నాటి ఆర్యభటీయభాష్యమున ప్రథమ భాస్కరుడు కుట్టక గణితమునకు గ్రహించిన రవి దృఢసంఖ్యలివియే. సూర్యసిద్ధాంతమున యుగదినములు 1,57,79,17,828. అధికము 328 మాత్రమే. కాని అచట సామాన్య భాజకము 4 మాత్రమే యగుటచే దృఢవర్షములు 10,80,000 అగుచున్నవి. మధ్యమరవి మేషాదిని మరల అదే దినభాగమున చేరుటకు ఒక మతమున 576 వర్షములు, వేరొక మతమున 10,80,000 వర్షములు పట్టునన్నమాట.

కావున యుగసంఖ్యను పౌరాణిక మహత్త్వసూచకముగ మాత్రమే బోధించుట చాలదు. లేఖకదోషమున దినసంఖ్యయందు ఒక్క అంకె మారినను దృఢసంఖ్యలు మారును. తాళపత్ర పాఠములను పరిష్కరించువారికి అపవర్తనమే నికషోపలము.