చివర్లో రాశావు సరే, చివర్లోనే చేరిందా?

డివైస్ డ్రైవర్లు రాసే ఉద్యోగాలకు ఇంటర్వ్యూ చేసేటప్పుడు కుర్రాళ్ల చేతికి తెల్లకాగితం ఇచ్చి, నెట్‌వర్క్ కార్డు రింగ్ గీయమంటాను. గుండ్రంగా గడులు గీస్తారు. ఒక గడి మీద వేలుపెట్టి అడుగుతాను: "ఇందులో ప్యాకెట్ అడ్రసు, పొడవు రాయాలి. ఇక ఈ గడి కార్డుదే అని చెప్పే ఓన్ బిట్ కూడా పెట్టాలి. బిట్ ఎప్పుడు పెడతావు?" "చివర్లో సార్." "చివర్లో రాశావు సరే, కార్డుకు చివర్లోనే కనిపిస్తుందని ఏం నమ్మకం?"

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొందరు మాత్రం ఠక్కున "వొలటైల్ పెడతాం సార్" అంటారు. ఈ జవాబు ఎన్నేళ్లుగానో వింటున్నాను. వొలటైల్ కంపైలర్‌ను మాత్రమే కట్టడి చేస్తుంది. కంపైలర్ వరుస తప్పకుండా ఆదేశాలు పేర్చినా, ఆ రాతలను ప్రాసెసర్ ఏ వరుసలో బయటికి వదులుతుందన్నది వేరే సంగతి. ఆ రెండో సంగతిని అదుపులో పెట్టేదే మెమరీ బ్యారియర్. చిప్ కంపెనీల్లో, నెట్‌వర్కింగ్ కంపెనీల్లో కెర్నెల్ పనికి వెళ్లాలనుకునే విద్యార్థి ఈ ఒక్క విషయాన్ని అడుగంటా నేర్చుకుంటే చాలా తలుపులు తెరుచుకుంటాయని నా అనుభవం. అందుకే ఈ వ్యాసమంతా దాని మీదే రాస్తున్నాను.

పెళ్లిలో బంతి భోజనాలు గుర్తుచేసుకోండి. విస్తరి వేస్తారు, వడ్డిస్తారు, ఆ తర్వాతే "రండి, కూర్చోండి" అని పిలుస్తారు. పిలుపు ముందు వినిపిస్తే చుట్టాలు ఖాళీ విస్తరి ముందు కూర్చుంటారు. ఓన్ బిట్ ఆ పిలుపు. అడ్రసు, పొడవు వడ్డన. వడ్డన పూర్తయ్యాకే పిలుపు వినబడేలా రెండింటి మధ్య ఒక గీత గీయాలి. లినక్స్‌లో ఆ గీత పేరు డీఎంఏ-డబ్ల్యూఎంబీ. 2015లో వచ్చిన 3.19 కెర్నెల్‌తో అది అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు ఇదే పనికి అంతకన్నా బరువైన డబ్ల్యూఎంబీ వాడేవారు.

పిలుపు వినేవాడి వైపునా ఇంతే జాగ్రత్త కావాలి. దీన్ని నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. అప్పట్లో నేను పనిచేసిన చోట, ఎక్స్86 సర్వర్ల మీద నెలల తరబడి చక్కగా నడిచిన డ్రైవర్‌ను ఒక ఆర్మ్ బోర్డు మీదికి తీసుకెళ్లాం. కొన్ని గంటలకోసారి ఒక ప్యాకెట్ తప్పుడు పొడవుతో వచ్చేది. కనిపెడదామని ప్రింట్ పెడితే తప్పు మాయం. తీసేస్తే మళ్లీ ప్రత్యక్షం. చివరికి దారి చూపింది ఆ తప్పుడు పొడవే. ఎప్పుడు చూసినా అది అదే గడిలో పోయిన చుట్టులో కూర్చున్న ప్యాకెట్ పొడవు. మా కోడ్ "పని అయింది" అని కార్డు పెట్టే డీడీ బిట్‌ను చూసి, ఆ తర్వాత పొడవు చదువుతోంది. కానీ ప్రాసెసర్ తొందరపడి పొడవును ముందే చదివి పెట్టుకుంది. బిట్ కొత్తది, పొడవు పాతది. రెండు చదువుల మధ్య డీఎంఏ-ఆర్ఎంబీ అనే ఒక్క పంక్తి పెట్టాక తప్పు మళ్లీ రాలేదు. ఆ ఒక్క పంక్తి కోసం మాకు మూడు వారాలు పట్టింది.

కొన్ని గంటలకోసారి వచ్చే తప్పేగా అని వదిలేయడానికి లేదు. సెకనుకు 10 గిగాబిట్ల లింకు మీద 64 బైట్ల ఫ్రేములు నిండుగా వస్తే సెకనుకు దాదాపు కోటీ 48 లక్షల ప్యాకెట్లు. అంటే ఒక్కో ప్యాకెట్‌కు 67 నానోసెకన్లు. కోటికి ఒక్కసారి జరిగే పొరపాటు అక్కడ సెకనుకోసారి జరుగుతుంది. ఇదే లెక్క ఇంకో సంగతి కూడా చెబుతుంది. ఆ 67 నానోసెకన్లలో అవసరం లేని బరువైన బ్యారియర్ పెట్టినా నష్టమే. తేలికైన డీఎంఏ రకాలు పుట్టింది ఇందుకే.

మరి ఎక్స్86 మీద ఎందుకు బయటపడలేదు? మామూలు మెమరీ విషయంలో ఆ ప్రాసెసర్లు రాతల మధ్య వరుసను, చదువుల మధ్య వరుసను కాపాడతాయి. అక్కడ డీఎంఏ-డబ్ల్యూఎంబీ అంటే కంపైలర్‌కు చెప్పే మాట మాత్రమే. ఆర్మ్ అలాంటి హామీ ఇవ్వదు. అందుకని "నా లాప్‌టాప్‌లో పనిచేసింది" అన్న మాటకు ఈ రంగంలో విలువ తక్కువ. అలాగని ఎక్స్86 అన్నింటికీ హామీ ఇస్తుందనీ అనుకోవద్దు. ఒక రాత తర్వాత వేరే చోటు నుంచి చేసే చదువు, ఆ రాతను దాటి ముందుకు పోవచ్చు.

దీన్ని మీ లాప్‌టాప్ మీదే ఈ రాత్రి చూడొచ్చు. ఎక్స్, వై అని రెండు వేరియబుల్స్, రెండూ సున్నా. ఒక థ్రెడ్ ఎక్స్‌లో 1 రాసి వై చదువుతుంది. రెండోది వైలో 1 రాసి ఎక్స్ చదువుతుంది. రెండింటినీ రిలాక్స్‌డ్ అటామిక్స్‌గా రాయండి, రెండు థ్రెడ్లూ ప్రతిసారీ ఒకేసారి బయల్దేరేలా చూడండి, పది లక్షల సార్లు తిప్పండి. ఎవరో ఒకరు ముందు రాసే ఉంటారు కాబట్టి కనీసం ఒకరికైనా 1 కనిపించాలని మన బుద్ధి చెబుతుంది. కానీ ఇద్దరికీ సున్నా కనిపించిన సందర్భాలు మీ తెర మీదే వస్తాయి. రాతలు మెమరీకి చేరేలోపు కోర్‌లోని స్టోర్ బఫర్‌లో కాసేపు ఆగుతాయి, చదువులు ఆగవు. ఆ రెండు సున్నాలను కళ్లారా చూసిన విద్యార్థికి నేను ఇంకేమీ వివరించక్కర్లేదు.

నెట్‌వర్క్ డ్రైవర్లో ఈ ఆట అచ్చంగా ఎక్కడుందో చూడండి. పంపే రింగ్ నిండబోతుంటే ట్రాన్స్‌మిట్ ఫంక్షన్ క్యూను ఆపుతుంది, అంటే "ఆగింది" అనే జెండా రాస్తుంది. ఆపాక, ఈలోగా చోటు దొరికిందేమోనని మరోసారి చూస్తుంది. అదే సమయంలో ఇంకో కోర్ మీద క్లీనప్ ఫంక్షన్ గడులు ఖాళీ చేసి తన సూచికను ముందుకు జరుపుతుంది, ఆపై క్యూ ఆగి ఉందా అని చూస్తుంది, ఆగి ఉంటే లేపుతుంది. ఇద్దరూ ఒకటి రాసి మరొకటి చదువుతున్నారు. మధ్యలో ఎస్ఎంపీ-ఎంబీ అనే పూర్తి బ్యారియర్ రెండు వైపులా లేకపోతే ఇద్దరూ పాతదే చూడొచ్చు. అప్పుడు చోటు లేదని ఒకరు ఆగిపోతారు, క్యూ నడుస్తూనే ఉందని రెండోవారు లేపకుండా వెళ్లిపోతారు. రింగ్ మొత్తం ఖాళీగా ఉన్నా ఒక్క ప్యాకెట్ కదలదు. చాలా డ్రైవర్లలో 5 సెకన్ల తర్వాత వాచ్‌డాగ్ మేల్కొని ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్ అవుట్ అయిందని లాగ్‌లో రాస్తుంది. ఆ సందేశం చూసి కార్డే పాడైందని మార్చేసినవాళ్లు నాకు తెలుసు. కొత్త కెర్నెళ్లలో ఈ ఆపడం, లేపడం కోసం సిద్ధంగా మాక్రోలున్నాయి. పనిలో వాటినే వాడండి, కానీ ఒక్కసారి విప్పి లోపలేముందో చదవండి.

ఇంతా విన్నాక కొందరు ప్రతి పంక్తికీ ఒక బ్యారియర్ తగిలిస్తారు. అదీ తప్పే. కార్డు రిజిస్టర్‌లో రాసి దాని తలుపుగంట కొట్టే రైట్ఎల్ అనే ఫంక్షన్ అంతకుముందు మెమరీలో రాసినవాటి వరుసను తనే కాపాడుతుంది, దాని ముందు విడిగా డబ్ల్యూఎంబీ అక్కర్లేదు. అదే రైట్ఎల్-రిలాక్స్‌డ్ వాడితే ఆ బాధ్యత మీది. స్పిన్‌లాక్ కోర్ల మధ్య వరుసను చూసుకుంటుంది, కానీ కార్డు ఏ లాకూ పట్టుకోదు. బ్యారియర్ వరుసకే హామీ, వేగానికి కాదు. రాసింది కార్డు దాకా చేరిందా అని తెలియాలంటే దాని రిజిస్టర్ ఒకటి తిరిగి చదవాలి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి నా సలహా. సీ భాష, పాయింటర్లు, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ గట్టిగా ఉండాలి. బీటెక్‌లో ఈసీఈ అయినా, సీఎస్ఈ అయినా ఫర్వాలేదు. తర్వాత క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో లినక్స్ నడిపి, అందులో ఈ1000 కార్డు పెట్టుకుని, కెర్నెల్‌లో దాని డ్రైవర్ చదవండి. ఆ కార్డు డిస్క్రిప్టర్, అంటే రింగ్‌లోని ఒక్కో గడి, 16 బైట్లే, కాగితం మీద పట్టేస్తుంది. సొంతంగా రాయడానికి అదే క్యూఈఎంయూలో నేర్చుకునేవారి కోసమే చేసిన ఎడ్యూ అనే పరికరం ఉంది. అసలైన ఆర్మ్ ప్రవర్తన చూడాలంటే క్యూఈఎంయూ చాలదు. రాస్ప్‌బెర్రీ పై 4 కొనుక్కోండి. అందులోని కార్టెక్స్-ఏ72 వరుస మార్చి పనిచేసే ప్రాసెసరే. కెర్నెల్‌తో పాటు వచ్చే మెమరీ-బ్యారియర్స్ డాక్యుమెంట్ ఒక్కసారి చదివితే అర్థం కాదు, మూడుసార్లు చదవాలి. పాల్ మెకెన్నీ పారలల్ ప్రోగ్రామింగ్ పుస్తకం ఉచితంగానే దొరుకుతుంది. కెర్నెల్ మూలంలోని మెమరీ మోడల్ ఫోల్డర్లో లిట్మస్ పరీక్షలున్నాయి. వాటిని హెర్డ్7 అనే సాధనంతో నడిపితే ఏ ఫలితం రావచ్చో, ఏది రాకూడదో యంత్రమే చెబుతుంది.

హైదరాబాద్‌లోనే క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్‌విడియా, మైక్రోచిప్ వంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. ఉద్యోగ ప్రకటనల్లో మెమరీ బ్యారియర్ అన్న మాట అరుదు. డివైస్ డ్రైవర్లు, బోర్డ్ సపోర్ట్, ఎంబెడెడ్ లినక్స్, డేటా పాత్ అన్న మాటలు కనిపిస్తే ఈ ప్రశ్న రాబోతోందని అనుకోండి. రెజ్యూమేలో "లినక్స్ కెర్నెల్ తెలుసు" అని రాసేకన్నా "ఎడ్యూ పరికరానికి డ్రైవర్ రాశాను, పై 4 మీద వరుస తప్పడం చూపించాను" అని రాసి, కోడ్ ఎక్కడుందో ఇవ్వండి. నేనైతే ఆ కాగితాన్ని పక్కకు తీసి పెట్టుకుంటాను.

కెర్నెల్‌కు ప్యాచ్ పంపే ముందు చెక్‌ప్యాచ్ స్క్రిప్టు నడపాలి. వ్యాఖ్య లేని బ్యారియర్ కనబడితే అది హెచ్చరిస్తుంది. హెచ్చరిక పోవడానికి "వరుస కోసం" అని రాసేస్తే స్క్రిప్టు ఊరుకుంటుంది, చదివే మనిషి ఊరుకోడు. మూడు సంగతులు రాయండి: ముందు ఉండాల్సింది ఏది, వెనక ఉండాల్సింది ఏది, అవతల దీనికి జత ఏ ఫంక్షన్‌లో ఉంది. ఉదాహరణకు: "క్యూ ఆపిన జెండా ముందు కనబడాలి, ఖాళీ గడుల లెక్క ఆ తర్వాతే చదవాలి. దీని జత క్లీనప్‌లో, సూచిక జరిపిన వెంటనే."