గేదె మాయ వేయలేదా? ఆలస్యం వద్దు

పాడి గేదె ఇంటికి అండ. అది ఈనిన రోజు ఇంటిల్లిపాదికీ సంబరం. ఆ సంబరంలో ఒక సంగతి మరవకూడదు. గేదె మాయ వేసిందా, లేదా? అది చూడాలి.

మామూలుగా ఈనిన 8 నుంచి 12 గంటల్లోపు మాయ పడిపోతుంది. 12 గంటలు దాటినా పడకపోతే పశువుల డాక్టరుకు చెప్పాలి. లోపల ఉండిపోయిన మాయ కుళ్లుతుంది. క్రిములు చేరతాయి. గర్భసంచికి చీము పడుతుంది. ఆ విషం రక్తంలో కలిస్తే గేదె చచ్చిపోవచ్చు. బతికినా పాలు తగ్గుతాయి. మళ్లీ త్వరగా చూలు కట్టదు.

ఒక ఇంటి సంగతి చూడండి. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని గేదెను కొన్నారు. అది తెల్లవారుజామున ఈనింది. సాయంత్రమైనా మాయ పడలేదు. వేలాడే మాయకు అత్త రాయి కట్టబోయింది.

“వద్దత్తా! బరువు కడితే మాయ తెగుతుంది. ముక్క లోపలే ఉండిపోతుంది” అంది కోడలు.

“మా కాలంలో అట్లాగే కట్టేవాళ్లమే!”

“కట్టిన గేదెలన్నీ బతికాయా అత్తా?”

అత్త మాట్లాడలేదు. రాయి కింద పెట్టింది. కోడలు 1962కు ఫోను చేసింది. అది పశువుల అంబులెన్సు నంబరు.

“ఎప్పుడు ఈనింది?” అని అడిగారు డాక్టరు గారు. కోడలు క్యాలెండరు చూసింది. ‘తెల్లవారి 4 గంటలు’ అని రాసి పెట్టుకుంది. చదివి చెప్పింది.

డాక్టరు గారు వచ్చారు. గేదెకు జ్వరం ఉంది. సూదిమందు వేశారు. “మందు మధ్యలో ఆపొద్దు. ఈ పాలు తాగొద్దు, అమ్మొద్దు. ఎన్ని రోజులో చీటీ మీద రాస్తున్నా” అన్నారు.

“పాలు అమ్మకుంటే కిస్తీ ఎట్లా కడతామే?” అంది అత్త.

“గేదె ఉంటేనే గదా అత్తా, కిస్తీ కట్టేది!” అంది కోడలు.

ప్రమాద గుర్తులు

- మైల కంపు కొట్టడం, మట్టి రంగులో నీళ్లలా కారడం
- ఒళ్లు కాలడం
- మేత మానడం, నెమరు వేయకపోవడం
- పాలు తగ్గడం

మాయ పడిన గేదెకైనా ఇవి రావచ్చు. ఈనిన 10 రోజుల దాకా రోజూ చూడాలి. ఒక్క గుర్తు కనిపించినా డాక్టరును పిలవాలి.

డాక్టరు వచ్చేదాకా

- మాయను చేత్తో లాగకూడదు.
- గేదెను పొడిచోట, నీడలో కట్టాలి. తాగడానికి నీళ్లు పెట్టాలి.
- తోక, వెనక భాగం శుభ్రంగా కడగాలి.
- మాయను ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు. మనుషులకూ జబ్బు రావచ్చు. కడుపుతో ఉన్నవాళ్లు దగ్గరికి పోకూడదు.
- పడిన మాయను కుక్కలకు వేయకూడదు. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.
- తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

జవాబులు రాయండి

1. మాయ ఎన్ని గంటల్లో పడాలి?
2. మాయకు రాయి ఎందుకు కట్టకూడదు?
3. మీ గేదె ఏ రోజు, ఎన్ని గంటలకు ఈనింది?