తొలి సైన్సు పుస్తకం: వాయిదా నుంచి అచ్చు దాకా

ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుడికి పిల్లలు ఏ పాఠం దగ్గర తడబడతారో, ఏ ఉదాహరణ చెబితే వారి ముఖాలు వెలుగుతాయో తెలుసు. భూసార పరీక్షలు చేసే అధికారికి తన మండలంలో ఏ ఊరి నేల ఎందుకు చవుడు బారిందో తెలుసు. ఇలాంటి సంగతులు పాఠ్యపుస్తకాల్లో దొరకవు. బయటినుంచి వచ్చే ఆంగ్ల పుస్తకాల్లో అసలే దొరకవు. తెలిసినవారు రాయకపోతే అవి వారితోనే పోతాయి. ఈ సంగతి వారికీ తెలుసు. అయినా ఇంకొంచెం చదివాక రాద్దామనో, రిటైరయ్యాక చూద్దామనో ఏళ్లు గడిపేస్తుంటారు.

ఇలాంటి వాయిదాకు చార్లెస్ డార్విన్‌ను మించిన ఉదాహరణ లేదు. జీవజాతులు మారతాయన్న ఆలోచనపై ఆయన 1837లోనే నోటు పుస్తకం తెరిచాడు. 1842లో పెన్సిలుతో 35 పేజీల చిత్తుప్రతి, 1844లో 230 పేజీల వ్యాసం రాశాడు. తాను చనిపోతే దాన్ని అచ్చు వేయించమని భార్య ఎమ్మాకు ఉత్తరం రాసి, అందుకు 400 పౌండ్లు కేటాయించాడు కూడా. ఆ తరవాత ఆ వ్యాసాన్ని పక్కన పెట్టి, 1846 నుంచి ఎనిమిదేళ్లు రాళ్లను, ఓడల అడుగు భాగాలను అంటిపెట్టుకుని బతికే బార్నకిల్స్ అనే సముద్రజీవులపై పనిచేశాడు. ఆ శ్రమ వృథా కాలేదు. జీవశాస్త్రవేత్తగా ఆయన మాటకు విలువ తెచ్చింది అదే. 1856లో సర్వసమగ్రమైన పెద్ద గ్రంథం మొదలుపెట్టాడు. అది సాగుతుండగా 1858 జూన్‌లో మలయా ద్వీపాల నుంచి ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఉత్తరం వచ్చింది. ఇంచుమించు అదే సిద్ధాంతం అందులో ఉంది. డార్విన్ కంగారు పడి పెద్ద గ్రంథాన్ని ఆపాడు. దానికి సంక్షిప్త రూపం అనుకుంటూ పదమూడు నెలల్లో మరో పుస్తకం పూర్తి చేశాడు. 1859 నవంబర్ 24న 1,250 ప్రతులతో వెలువడిన ‘జాతుల ఆవిర్భావం’ అదే. సమగ్రంగా రాయాలనుకున్న గ్రంథం ఆయన బతికి ఉండగా పూర్తి కాలేదు. లోకం చదివింది సంక్షిప్తాన్నే.

తొలి పుస్తకం రాయబోయేవారు గమనించాల్సింది ఇక్కడే ఉంది. విషయమంతా తెలిసేదాకా ఆగితే ఆ రోజు రాదు. తెలిసినంతలో ఒక భాగాన్ని సరిగ్గా చెబితే చాలు.

ఒక్క ప్రశ్నకు ఒక్క పుస్తకం

ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా పనిచేసిన మహీధర నళినీమోహన్ పుస్తకాల పేర్లు చూస్తే ఒక కిటుకు కనిపిస్తుంది. క్యాలెండర్ కథ, నిప్పు కథ, పిడుగుదేవర కథ. పెద్ద శాస్త్రంలోంచి చేతికి అందే ఒక్క వస్తువును పట్టుకుని, దాని చుట్టూ చరిత్రనూ శాస్త్రాన్నీ అల్లుకుంటూ పోయారాయన. ఖగోళశాస్త్రం అంటే బెదిరిపోయే పాఠకుడు కూడా గోడమీది క్యాలెండర్ అంటే బెదరడు.

భూసార అధికారి విషయానికే వస్తే, ‘నేలలు’ అన్నది పుస్తకం కాదు, గ్రంథాలయం. ‘మా కాలువ కింది పొలం ఎందుకు చవుడు బారింది?’ అన్నది పుస్తకం. దాన్ని చిన్న ప్రశ్నలుగా విడదీస్తే అధ్యాయాలు వాటంతటవే వస్తాయి. కాలువ నీటిలో లవణాలు ఎక్కడివి? ఎండకు నీరు ఆవిరైపోతే అవి ఎక్కడ మిగులుతాయి? మురుగు కాలువ లేని చోట భూగర్భజలం పైకి ఎందుకు వస్తుంది, సన్నని మట్టి రంధ్రాల గుండా ఇంకా పైకి ఎలా ఎగబాకుతుంది? మట్టిరేణువులను అంటిపెట్టుకున్న సోడియాన్ని జిప్సంలోని కాల్షియం ఎలా తొలగిస్తుంది? జిప్సం వేశాక మంచినీరు పెట్టి ఆ నీటిని బయటికి పంపకపోతే ఏమవుతుంది? ఒక్కో ప్రశ్నకు పదిహేను పేజీలు రాసే సరుకు ఆ అధికారి దగ్గర ఇప్పటికే ఉంటుంది.

ఇక లెక్క. రోజుకు 300 మాటల చొప్పున వంద రోజులు కూర్చుంటే 30,000 మాటలు. డెమ్మీ సైజు పేజీకి 220 మాటలు పడతాయనుకుంటే సుమారు 136 పేజీలు. బొమ్మలు కలిపితే 144, అంటే పదహారు పేజీల ఫారాలు తొమ్మిది. సైన్సు చదివే పాఠకుడు భయపడకుండా చేతిలోకి తీసుకునే సైజు ఇది. వంద రోజులు వరుసగా కుదరకపోతే ఒక్కో అధ్యాయాన్ని ముందు పత్రికకు వ్యాసంగా పంపవచ్చు. ముంబయిలోని బాబా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ ఉద్యోగం చేస్తూనే తెలుగు పత్రికలకు సైన్సు వ్యాసాలు రాశారు. వ్యాసానికి వచ్చే ఉత్తరాల్లో మెచ్చుకోలు కంటే ‘ఈ మాట అర్థం కాలేదు’ అన్నదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆమ్లజనా, ఆక్సిజనా?

తెలుగులో సైన్సు రాసేవారిని ఎక్కువ సతాయించేది పారిభాషిక పదాలు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి సైన్సు గ్రంథాలను తెలుగులో అచ్చు వేయించింది. ఆ తరం రచయితలకు చాలా పదాలు కొత్తగా కూర్చుకోక తప్పలేదు. ఆ కాలం నుంచి వాడుకలో తిరిగిన పదాల్లో ఏవి బతికాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆమ్లజని ఆసుపత్రిలో నిలవలేదు. రోగి బంధువు అడిగేది ఆక్సిజన్ సిలిండర్‌నే. నత్రజని మాత్రం ఎరువుల దుకాణంలో దర్జాగా నిలిచింది, పక్కనే భాస్వరమూ ఉంది. వాటి మధ్య పొటాష్ పొటాష్‌గానే ఉండిపోయింది. దీని వెనక సూత్రమేదీ లేదు. ఎవరు వాడుకున్నారో, ఎక్కడ వాడుకున్నారో అంతే. కాబట్టి పదకోశం తెరిచే ముందు ఆ విషయంతో రోజూ పనిచేసేవారు దాన్ని ఏమంటున్నారో వినాలి. రైతుకు రాస్తే నత్రజని, నర్సుకు రాస్తే ఆక్సిజన్. ఒకసారి ఎంచుకున్న మాటను చివరిదాకా మార్చకూడదు. మూడో అధ్యాయంలో ‘కణం’ అంటే సెల్ అయి, ఐదో అధ్యాయంలో అదే మాట పార్టికల్ అయితే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు, ఆ తప్పు అతనిది కాదు.

సమీకరణాల సంగతీ అంతే. ప్రతి సమీకరణం అమ్మకాలను సగానికి తగ్గిస్తుందని స్టీఫెన్ హాకింగ్‌ను ఎవరో హెచ్చరించారట. 1988లో వచ్చిన ‘కాలం కథ’లో ఆయన ఐన్‌స్టీన్ ద్రవ్యరాశి-శక్తి సమీకరణం ఒక్కటే ఉంచాడు. ఆ హెచ్చరిక మరీ అతిశయమే. కానీ సమీకరణం తీసేసిన చోట దాని అర్థాన్ని మాటల్లో చెప్పగలిగితేనే తీసెయ్యాలి. ఊరికే ఎగరగొడితే మిగిలేది సైన్సు కాదు, కబుర్లు.

చిత్తుప్రతి పూర్తయ్యాక ఇద్దరికి చూపించాలి. ఒకరు ఆ శాస్త్రం బాగా తెలిసినవారు, తప్పులు పట్టడానికి. రెండోవారు అసలు తెలియనివారు. వారిని బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. ఎక్కడ ఆగి రెండోసారి చదవాల్సి వచ్చిందో పెన్సిలుతో గీత పెట్టమనడం మేలు.

అచ్చుకు ముందు కాగితాలు

ఉత్సాహంలో చాలామంది దాటేసే భాగం ఇది. కాపీరైటుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసిన క్షణం నుంచీ అది రచయితదే. భారత చట్టం ప్రకారం జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. ప్రచురణకర్తకు హక్కులు రాసివ్వాలంటే సంతకంతో లిఖితపూర్వకంగా ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం దాన్ని ఐదేళ్లుగా, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితంగా లెక్కిస్తుంది. అందుకే ‘సర్వహక్కులు శాశ్వతంగా’ అన్న ఒక్క వాక్యంపై చదవకుండా సంతకం పెట్టకూడదు. అనువాద హక్కు, ఈ-పుస్తకం హక్కు విడివిడిగా రాయించుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మకూ యజమాని ఉంటాడు. అనుమతి దొరకకపోతే కొత్త బొమ్మ గీయించుకోవడమే మార్గం.

సొంతంగా అచ్చు వేసుకునేవారు పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్ సంఖ్య తీసుకోవాలి. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ దీన్ని ఉచితంగా ఇస్తుంది. పుస్తకం వెలువడ్డాక 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చట్టం పేర్కొన్న మరో మూడు గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. రచయిత పెట్టెలో మిగిలిన ప్రతులు చెదలు పట్టినా, అక్కడి ప్రతి ఎవరో ఒక విద్యార్థి కోసం ఉంటుంది.

అచ్చయిన మొదటి ప్రతిని మాత్రం రచయిత తన దగ్గరే ఉంచుకుని, కనిపించిన తప్పులన్నీ అంచుల్లో రాసుకుంటూ పోవాలి. తప్పులు తప్పవు. నోరు తెరుచుకుని గంటల తరబడి ఈదుతూ పురుగులు పట్టే నల్ల ఎలుగుబంటి లాంటిది క్రమంగా తిమింగలమంత జీవిగా మారవచ్చని డార్విన్ మొదటి కూర్పులో రాశాడు. విమర్శకులు నవ్వారు. 1860 జనవరిలో వచ్చిన రెండో కూర్పులో ఆ ఊహను తీసేశాడు. ఆ తరవాత 1872 దాకా మరో నాలుగు కూర్పులు వచ్చాయి, ప్రతిదాన్నీ ఆయన దిద్దుతూనే ఉన్నాడు.